హీత్‌క్లిఫ్ పగ, తాకట్టు పత్రం

ఒక పొరపాటు ఒప్పుకుని ఈ వ్యాసం మొదలుపెడతాను. చాలా ఏళ్ళ క్రితం ఒక సాహిత్య పాఠశాలలో ‘వుదరింగ్ హైట్స్’ నవల గురించి మాట్లాడుతూ, అందులోని హీత్‌క్లిఫ్ పీడిత వర్గపు తిరుగుబాటుకు ప్రతినిధి అని చెప్పాను. అంతటితో ఆగక, అతని పగ న్యాయమైన వర్గకసి అని కూడా అన్నాను. సభలో చప్పట్లు కొట్టారు. ప్రశ్నల సమయంలో వెనక బెంచీ నుంచి ఒక విద్యార్థిని లేచి, “హీత్‌క్లిఫ్ మనవాడే అయితే, భూమి చేతికి వచ్చాక కౌలుదార్లను ఎందుకు పీడించాడండీ?” అని అడిగింది. నాకు జవాబు తోచలేదు. ఏదో చెప్పి దాటవేశాను. ఇంటికి వచ్చి నవల మళ్ళీ మొదటినుంచీ చదివాను. నేను చెప్పింది తప్పని తేలింది. ఆ అమ్మాయికి అప్పుడు ఇవ్వలేకపోయిన జవాబే ఈ వ్యాసం.

నా తప్పు ఎలాంటిదో ముందు చెప్పాలి. నేను బి.ఏ. చదివే రోజుల్లో మాకు ఈ నవల పాఠం చెప్పినవారు దీన్ని మృత్యువును జయించిన అమర ప్రేమగాథ అన్నారు. బజార్లో దొరికే గైడులోనూ అదే ఉండేది. పరీక్షలో మేమూ అదే రాసి మార్కులు తెచ్చుకున్నాం. తర్వాత కొత్త దృక్పథం అబ్బాక నేను చేసిందల్లా ఆ తీర్పును తిరగేయడమే. వాళ్ళు వర్గాన్ని వదిలేసి ప్రేమను పట్టుకున్నారు, నేను ప్రేమను వదిలేసి వర్గాన్ని పట్టుకున్నాను. నవలలో ఈ రెంటినీ కలిపి కట్టిన తాడు ఒకటుంది. అది ఆస్తి. దాన్ని వాళ్ళూ చూడలేదు, నేనూ చూడలేదు.

‘వుదరింగ్ హైట్స్’ 1847 డిసెంబరులో ‘ఎల్లిస్ బెల్’ అనే మారుపేరుతో అచ్చయింది. రాసిన ఎమిలీ బ్రాంటీ ఉత్తర ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో, హావర్త్ అనే కొండ ఊళ్ళో, చర్చి ఫాదరీ కూతురు. పుస్తకం వచ్చిన ఏడాదికే, 1848 డిసెంబరులో, ముప్ఫై ఏళ్ళకు క్షయతో చనిపోయింది. 1850లో రెండో కూర్పు వేసినప్పుడు అక్క షార్లెట్ ఒక ముందుమాట రాసింది. చెల్లెలు లోకం ఎరగని ఏకాంతజీవి అనీ, తానేం సృష్టించిందో తనకే తెలియదనీ అర్థం వచ్చేలా పాఠకులకు సర్దిచెప్పింది. ఆ సర్దుబాటు తర్వాతి విమర్శకులకు బాగా పనికివచ్చింది. కొండగాలి, ఏకాంతం, ప్రతిభ అనే మూడు మాటలతో నవల పుట్టుకను వివరించడం అలవాటైపోయింది.

హావర్త్ నిజానికి ఎలాంటి ఊరు? అది ఉన్ని పరిశ్రమ ఊరు. ఉన్ని దువ్వేవాళ్ళు, మగ్గాలవాళ్ళు, మిల్లు కూలీలు ఆ ఊరి జనం. 1842లో ఉత్తర ఇంగ్లండు మిల్లులన్నిటినీ ఊపేసిన సమ్మె ఆ చుట్టుపక్కల జరిగినదే. 1850లో బెంజమిన్ బాబేజ్ అనే ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు ఆ ఊరి పారిశుద్ధ్యం మీద నివేదిక ఇచ్చాడు. అక్కడ చనిపోయేవారి సగటు వయసు 25 ఏళ్ళ చిల్లర. పుట్టిన పిల్లల్లో 40 శాతానికి పైగా ఆరేళ్ళు నిండకుండానే పోతున్నారు. వాళ్ళను పూడ్చిన శ్మశానం ఎమిలీ ఇంటి గుమ్మం ముందే ఉంది. అంతేకాదు, 1838లో ఆమె హాలిఫాక్స్ దగ్గర లా హిల్ అనే చోట కొన్ని నెలలు టీచరుగా పనిచేసింది. ఆ ఇల్లు కట్టించినవాడు ఒక కుటుంబం పెంచుకున్న కుర్రవాడనీ, పెంచినవాళ్ళ వ్యాపారాన్నీ ఇంటినీ తన చేతుల్లోకి తెచ్చుకున్నాడనీ పరిశోధకులు బయటపెట్టారు. ఆస్తి ఎలా చేతులు మారుతుందో తెలుసుకోవడానికి ఎమిలీ లండను వెళ్ళనక్కరలేకపోయింది.

ప్రేమలోకి వర్గం ప్రవేశించిన విధం

కథ చాలామందికి తెలిసిందే, కాని సగమే తెలిసి ఉంటుంది. 1939లో విలియం వైలర్ తీసిన హాలీవుడ్ సినిమా మొదటి తరం కథతోనే సరిపెట్టి రెండో తరాన్ని వదిలేసింది. మన దేశంలో దిలీప్ కుమార్‌తో వచ్చిన ‘దిల్ దియా దర్ద్ లియా’ (1966)కి కూడా ఈ నవలే ఆధారం. సినిమాకి విరహం చాలు. నవలకి చాలలేదు. అందుకే కథను క్లుప్తంగానైనా చెప్పక తప్పదు.

కొండమీద వుదరింగ్ హైట్స్ ఎర్న్‌షాల ఇల్లు. వాళ్ళు సొంత సేద్యం ఉన్న పాతకాలపు ఆసాములు. గుమ్మంమీద 1500 అనే సంవత్సరమూ హేర్‌టన్ ఎర్న్‌షా అనే పూర్వీకుడి పేరూ చెక్కి ఉంటాయి. లోయలో థ్రష్‌క్రాస్ గ్రేంజ్ లింటన్‌లది. వాళ్ళు చేతికి మట్టి అంటని జమీందార్లు. ముసలి లింటన్ మేజిస్ట్రేటు కూడా. ముసలి ఎర్న్‌షా లివర్‌పూల్ వెళ్ళి, అక్కడి వీధుల్లో ఆకలితో పడివున్న ఒక నల్లని అనాథ కుర్రవాణ్ణి ఇంటికి తెస్తాడు. చనిపోయిన తన కొడుకు పేరే వాడికి పెడతాడు. హీత్‌క్లిఫ్ అన్నదే పేరు, అదే ఇంటిపేరు.

నవలలోని లెక్క ప్రకారం ఇది 1771 ప్రాంతం. ఆనాటి లివర్‌పూల్ ఇంగ్లండులో బానిసల వ్యాపారానికి ముఖ్యమైన రేవు. ఆ పిల్లవాడు ఎవడు? నవల తేల్చదు. అందరూ జిప్సీ అంటారు. మేజిస్ట్రేటు లింటన్ వాణ్ణి చూసి లాస్కర్ అయివుండవచ్చని అనుమానిస్తాడు. లాస్కర్లంటే ఈస్టిండియా కంపెనీ ఓడల్లో పనిచేసిన మన దేశపు, ఆసియా తీరాల నావికులు. ఓడ దిగాక దిక్కులేక ఇంగ్లండు రేవుల్లో మాడిపోయినవాళ్ళు వాళ్ళలో ఎందరో. టెరీ ఈగిల్టన్ వంటి విమర్శకులు ఐర్లండు కరువు నుంచి పారిపోయి వచ్చిన పిల్లల్ని ఇతనిలో చూశారు. అయితే ఆ కరువు శరణార్థులు లివర్‌పూల్‌ను ముంచెత్తింది 1847లో. నవల అప్పటికే రాసి ఉంది. కాబట్టి ఏ ఒక్క జాతి చీటీ అతనికి అంటించనక్కరలేదు. సామ్రాజ్యం సంపాదించిన సొమ్ము ఏ రేవులో దిగిందో, ఆ సంపాదనలో నలిగిన మనుషులూ ఆ రేవులోనే దిగారు. వాళ్ళలో ఒకడు ఎర్న్‌షా ఇంట్లోకి వచ్చాడు. మనకి ఇంతవరకు చాలు.

ముసలాయన పోగానే కొడుకు హిండ్లీ యజమాని అవుతాడు. హీత్‌క్లిఫ్‌కి చదువు మానిపించి పొలం పనికి తోలతాడు. చెల్లెలు కేథరిన్ మాత్రం అతన్ని వదలదు. ఇద్దరూ కొండల్లో కలిసి తిరుగుతారు. ఒక రాత్రి గ్రేంజ్ కిటికీలోంచి తొంగిచూస్తుంటే కాపలాకుక్క కేథరిన్ కాలు పట్టుకుంటుంది. ఇక్కడ ఎమిలీ చేసింది చూడండి. ఒకే నేరానికి రెండు తీర్పులు. ఎర్న్‌షాల పిల్ల అని తెలియగానే కేథరిన్‌ని సోఫాలో కూర్చోబెట్టి కాళ్ళు కడుగుతారు. హీత్‌క్లిఫ్‌ని బయటకు గెంటుతారు. అయిదు వారాల తర్వాత ఆమె పట్టుబట్టలతో, తెల్లబడిన చేతులతో తిరిగి వస్తుంది. హీత్‌క్లిఫ్‌ని ముట్టుకుంటే బట్టలు మాస్తాయేమోనని ఒక్క క్షణం వెనకాడుతుంది. ప్రేమలోకి వర్గం వచ్చింది ఆ క్షణంలోనే.

తర్వాత ఎడ్గార్ లింటన్ పెళ్ళి ప్రస్తావన తెచ్చినప్పుడు కేథరిన్ పనిమనిషి నెల్లీతో తన మనసు చెప్పుకుంటుంది. పాఠాల్లో ఆ సంభాషణలోని ఒక సగాన్నే ఎత్తిచూపుతారు. తమ ఇద్దరి ఆత్మలూ ఒకటేనని ఆమె చెప్పే సగం. మిగతా సగం కూడా చదవాలి. హీత్‌క్లిఫ్‌ని చేసుకుంటే తాను దిగజారిపోతాననీ, ఇద్దరూ బిచ్చమెత్తుకోవాలనీ అంటుంది. లింటన్‌ని చేసుకుంటే ఆ డబ్బుతో హీత్‌క్లిఫ్‌ని అన్న పీడ నుంచి బయటపడేస్తానని లెక్క వేస్తుంది. చాటున ఉన్న హీత్‌క్లిఫ్ ‘దిగజారడం’ అన్న మాట వరకే విని, ఇల్లు విడిచి వెళ్ళిపోతాడు.

కేథరిన్‌ది కపటం కాదు. ఆమె చెప్పిన రెండు సగాలూ నిజమే. ప్రేమను ఒక గదిలోనూ ఆస్తిని ఇంకో గదిలోనూ ఉంచి, రెండు గదుల్లోనూ తానే కాపురం చేయవచ్చని నమ్మింది. కలిగినవాళ్ళ ఇళ్ళలో ఆడపిల్లలకు నూరిపోసే నమ్మకమే అది. ఆ నమ్మకమే ఆమెను చంపింది. ప్రేమ వర్గాతీతమని ఈ నవల చెప్పడం లేదు. వర్గం ప్రేమను నిలువునా చీల్చగలదని చెబుతోంది. ప్రేమ నిజం కాకపోతే చీలడానికి అక్కడ ఏమీ ఉండదు. మొదట్లో నేను ప్రేమను పక్కన పెట్టడం తప్పయింది ఇందుకే.

పగకు ఆయుధం చట్టం

మూడేళ్ళ తర్వాత హీత్‌క్లిఫ్ డబ్బుతో, దొర వేషంతో తిరిగి వస్తాడు. సినిమా హీరో అయితే కత్తి తీసేవాడు. హీత్‌క్లిఫ్ తాకట్టు పత్రం తీశాడు.

హిండ్లీ తాగుబోతు, జూదరి. జూదానికి డబ్బు కోసం గజం మిగలకుండా భూమి తాకట్టు పెడతాడు. అప్పిచ్చేది హీత్‌క్లిఫ్. హిండ్లీ చచ్చేనాటికి హైట్స్ హీత్‌క్లిఫ్‌ది. గ్రేంజ్ దారి వేరు. ఇసబెల్లా తనను ఇష్టపడుతోందని తెలియగానే హీత్‌క్లిఫ్ మొదట అడిగేది, ఆమె తన అన్నకు వారసురాలే కదా అని. ముసలి లింటన్ వీలునామా ప్రకారం ఎడ్గార్‌కి మగపిల్లలు లేకపోతే భూమి అతని కూతురికి పోదు, చెల్లెలు ఇసబెల్లా వైపు పోతుంది. హీత్‌క్లిఫ్ ఆమెను లేవదీసుకుపోయి పెళ్ళాడతాడు. వాళ్ళకు పుట్టిన రోగిష్టి కొడుకుకి ఎడ్గార్ కూతురు క్యాతీని నిర్బంధించి కట్టబెడతాడు. పెళ్ళితో క్యాతీ చరాస్తి భర్త పాలవుతుంది. ఎందుకంటే పెళ్ళైన స్త్రీకి సొంత ఆస్తి మీద పూర్తి హక్కు ఇచ్చిన చట్టం ఇంగ్లండులో 1882లో గాని రాలేదు. కూతురి సొత్తును కాపాడాలని ఎడ్గార్ చనిపోయే ముందు ప్లీడరుకి కబురు పెడతాడు. ప్లీడరు ఆలస్యంగా వస్తాడు. అప్పటికే హీత్‌క్లిఫ్‌కి అమ్ముడుపోయాడు. కొద్ది వారాలకే కొడుకు పోతాడు. పోయేముందు తన చరాస్తి, భార్య చరాస్తి తండ్రి పేర రాసిపోతాడు. కొడుకు మైనరు కాబట్టి భూమి రాసే హక్కు లేదు. ఆ భూమిని కూడా హీత్‌క్లిఫ్ తనదేనని పట్టుకుంటాడు. చేతిలో పైసా లేని, వెనక మనిషి లేని క్యాతీ దాన్ని ఏ కోర్టులోనూ అడగలేదని నెల్లీయే చెబుతుంది. కోర్టు తలుపు ఎవరికి తెరుచుకుంటుందో ఆమెకు తెలుసు.

ఈ చట్టపు లెక్కలన్నీ నవలలో సరిగ్గా ఉన్నాయని సి.పి. సాంగర్ అనే న్యాయవాది 1926లో ఒక చిన్న పుస్తకంలో సంవత్సరాలతో సహా నిరూపించాడు. లోకం ఎరగని పిల్ల అన్న కథకు ఆ పుస్తకం ఒక్కటే చాలు జవాబుగా. 1951లో మార్క్సిస్టు విమర్శకుడు ఆర్నాల్డ్ కెటిల్ ఇంకో అడుగు వేశాడు. హీత్‌క్లిఫ్ శత్రువుల ఆయుధాలనే శత్రువుల మీద ప్రయోగించాడనీ, అందుకే మన సానుభూతి అతన్ని వదలదనీ చెప్పాడు. ఇది గొప్ప పరిశీలన. నా పాత ఉపన్యాసానికి ఆధారం కూడా ఇదే. కాని కెటిల్‌ని చదివిన ఉత్సాహంలో నేనొక సంగతి మరిచాను. ఆయుధానికీ దాన్ని పట్టిన చేతికీ సంబంధం ఉంది. కొడవలి పట్టిన చెయ్యి ఒక రకంగా కాయలు కాస్తుంది, తాకట్టు పత్రం పట్టిన చెయ్యి ఇంకో రకంగా మారుతుంది. అప్పులిచ్చి భూమి గుంజుకోవడానికి హీత్‌క్లిఫ్ వడ్డీవ్యాపారి కావలసి వచ్చింది. భూమి వచ్చాక భూస్వామి కాక తప్పలేదు. అతను కౌలుదార్ల పట్ల కఠినుడనీ పిసినారి అనీ ఊళ్ళోవాళ్ళు అనుకునే మాట అతని గుణలోపం కాదు. అతను చేరిన చోటుకి ఉన్న గుణం అది.

ఆ విద్యార్థినికి జవాబులో మొదటి సగం ఇదీ. అతను ఆస్తి సంబంధాల మీద తిరగబడలేదు, వాటిలో తన స్థానం మార్చుకున్నాడు.

డబ్బు ఎక్కడిది?

హీత్‌క్లిఫ్ మూడేళ్ళలో అంత డబ్బు ఎలా సంపాదించాడో ఎమిలీ చెప్పలేదు. నెల్లీ అడగదు. ఎడ్గార్ అడగడు. దొరల సమాజంలో డబ్బుకు రంగూ వాసనా ఉంటాయి గాని పుట్టిన ఊరు ఉండదు. ఈ ప్రశ్న పదమూడేళ్ళ తర్వాత ఇంకో నవలలో జవాబు వెతుక్కుంది. 1860 డిసెంబరు నుంచి 1861 ఆగస్టు దాకా డికెన్స్ తన వారపత్రిక ‘ఆల్ ది ఇయర్ రౌండ్’లో ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ సీరియల్‌గా ప్రచురించాడు. ప్రేమ, వర్గం, పగ అనే మూడూ దాంట్లోనూ ఉన్నాయి.

కమ్మరి కొలిమి దగ్గర పెరిగిన పిప్, మిస్ హావిషామ్ అనే ధనికురాలు పెంచుతున్న ఎస్టెల్లాని ప్రేమిస్తాడు. తన గరుకు చేతుల్ని చూసి ఆమె నవ్వినప్పుడు మొదటిసారి తన చేతుల్ని తాను అసహ్యించుకుంటాడు. ఎవరో అజ్ఞాత దాత డబ్బుతో లండన్ వెళ్ళి దొరబిడ్డ అవుతాడు. తనను పెంచిన కమ్మరి జో చూడవస్తే సిగ్గుపడతాడు. చివరికి ఆ దాత మిస్ హావిషామ్ కాదనీ, చిన్నప్పుడు తాను అన్నం పెట్టిన ఖైదీ మాగ్విచ్ అనీ తేలుతుంది. ద్వీపాంతరం పంపిన మాగ్విచ్ న్యూ సౌత్ వేల్స్‌లో గొర్రెలు కాచి, కష్టపడి కూడబెట్టిన సొమ్ముతో లండన్‌లో ఒక పెద్దమనిషి తయారయ్యాడు.

మాగ్విచ్‌ది కూడా పగే. అతనూ, చదువుకున్న మోసగాడు కాంపేసనూ ఒకే నేరానికి ఒకే బోనులో నిలబడ్డారు. కాంపేసన్ మంచి బట్టలు, మంచి భాష చూసి జడ్జి అతనికి ఏడేళ్ళు వేశాడు. మాగ్విచ్‌కి పద్నాలుగు. తనను తుచ్ఛుడన్న సమాజానికి, తన సొమ్ముతో తయారైన దొరను చూపించి తల ఎత్తుకోవాలని మాగ్విచ్ కోరిక. పాపం, అతనికీ ఇంకో ఆదర్శం తెలియదు. దొరతనాన్ని ద్వేషించినవాడు దొరను తయారుచేసి పగ తీర్చుకుంటున్నాడు. చివరికి చట్టం అతని మీద ఇంకో దెబ్బ వేస్తుంది. శిక్షపడ్డ నేరస్థుడి ఆస్తి రాజుగారి ఖజానాకి జప్తు. ఇంగ్లండులో ఆ జప్తు 1870లో గాని రద్దు కాలేదు.

మిస్ హావిషామ్ పగ ఇంకో వైపు నుంచి వస్తుంది. బీరు తయారీ వ్యాపారి కూతురు. ఆమెను ప్రేమిస్తున్నానని నమ్మించి డబ్బు లాగి, పెళ్ళినాడు ముఖం చాటేసినవాడు ఆ కాంపేసనే. ఉత్తరం అందిన తొమ్మిదికి ఇరవై నిమిషాల దగ్గర ఇంట్లో గడియారాలన్నీ ఆపించింది. పెళ్ళిబట్టలు విప్పలేదు. మగజాతి మీద పగ తీర్చుకోవడానికి ఎస్టెల్లాని రాయిలా పెంచింది. ఎస్టెల్లా ఎవరు? మాగ్విచ్ కూతురు. తల్లి హత్యానేరం నుంచి బయటపడి లాయరు ఇంట్లో పనిచేస్తున్న దాసి. ధనికురాలి పగకు పేదవాడి బిడ్డ పనిముట్టయింది.

పగ ఎవరి మీద పడింది?

ఈ రెండు నవలల్నీ పక్కపక్కన పెట్టి ఒకే ఒక్క ప్రశ్న వేశాను. పగ తీరిందా? తీరితే దెబ్బ తిన్నది ఎవరు? మిస్ హావిషామ్ పగ కాంపేసన్‌ని తాకనైనా తాకలేదు. తగిలింది కొలిమి దగ్గర పెరిగిన పిప్‌కి. క్రూరుడైన భర్త చేతిలో పడిన ఎస్టెల్లాకి. హీత్‌క్లిఫ్ విషయంలో హిండ్లీ తన తాగుడుతో తానే పోయాడు, ఎడ్గార్ మర్యాదగా మంచంమీద పోయాడు. పగ భారం మోసింది ఇసబెల్లా, హేర్‌టన్, క్యాతీ, సొంత కొడుకు. అంటే ఇద్దరు స్త్రీలు, ఇద్దరు పిల్లలు. తిరిగి కొట్టలేనివాళ్ళు. వ్యక్తిగత పగ పైకి గురిపెట్టినా, నీళ్ళలాగా పల్లానికే పారుతుంది. జవాబులో రెండో సగం ఇది.

హేర్‌టన్ కథ ఇందులో అన్నిటికంటె బాధాకరం. హిండ్లీ తనకు చేసినదాన్ని హీత్‌క్లిఫ్ హిండ్లీ కొడుక్కి చేస్తాడు. చదువు చెప్పించడు, పాలేరుగా పెంచుతాడు. గుమ్మంమీద చెక్కి ఉన్న తన పేరునే ఆ కుర్రవాడు చదవలేడు. అయితే ఆ చివరిలోనే ఎమిలీ ఒక మలుపు తిప్పింది. రెండు ఇళ్ళూ నేలమట్టం చెయ్యడానికి అన్నీ సిద్ధమైన వేళ హీత్‌క్లిఫ్‌కి చెయ్యి ఆడదు. హేర్‌టన్‌లో అతనికి తన బాల్యమే కనబడుతుంది. తాను ఎవరి మీద పగ తీర్చుకుంటున్నాడో అప్పటికి అర్థమైంది. ఆస్తి ఎవరికి రాయాలో తోచక, దాన్ని భూమ్మీద లేకుండా చెయ్యగలిగితే బాగుండునని అనుకుంటూ, వీలునామా రాయకుండానే చనిపోతాడు. సమాధిమీద వెయ్యడానికి ఇంటిపేరు కూడా లేదు. ఒక పేరు, చనిపోయిన తేదీ. అంతే.

ఇంకోవైపు క్యాతీ హేర్‌టన్‌కి అక్షరాలు నేర్పుతుంది. మొదట అతన్ని ఎగతాళి చేసిన పిల్లే పుస్తకం బహుమతిగా ఇచ్చి స్నేహం చేస్తుంది. ఒకరిని పాలేరుగా, ఇంకొకరిని బందీగా మార్చిన ఇంట్లో ఆ ఇద్దరూ కలిసి చదువుకుంటారు. ఒకరి వెలితిని ఒకరు పూడ్చుకునే ఈ ప్రేమ నవలలో నిజమైన ముందడుగు. కాని దీన్ని కూడా ఉన్నదానికంటె పెద్దది చేయకూడదు. పెళ్ళయ్యాక వాళ్ళు గ్రేంజ్‌కి వెళ్ళిపోతారు. రెండు ఆస్తులూ పాత వంశాల చేతికే తిరిగి వస్తాయి. కౌలుదార్లు ఎక్కడివాళ్ళు అక్కడే. ఈ కథంతా చెప్పిన నెల్లీ కూడా పనిమనిషిగానే మిగిలిపోతుంది. ఆ ఇంటి పిల్లలతో కలిసి పెరిగిన మనిషి, వాళ్ళ రహస్యాలన్నీ మోసిన మనిషి. నోరు ఆమెది, విలువలు చాలావరకు యజమానులవి. డికెన్స్ చేతిలో కమ్మరి జో కూడా అంతే. పిప్‌ని పంపినందుకు పరిహారం ఇస్తానన్న లాయరు మీద మండిపడగల ఆత్మగౌరవం అతనికి ఉంది. కాని రచయిత అతనికి మంచితనం తప్ప ఇంకే దారీ చూపలేదు. ఈ హద్దులు ఆ కాలపు హద్దులు. ఉన్నాయని చెప్పాలి, వాటిని పట్టుకుని నవలల్ని చెత్తబుట్టలో వెయ్యకూడదు.

మన రచయితలకు దీనితో ఏం పని అని అడగవచ్చు. మన కథల్లో పగ చాలా ఉంది. నేను చదివే రాతప్రతుల్లో అవమానం పొందిన పేదవాడు పట్నం పోయి, డబ్బుతో తిరిగి వచ్చి, దొర మేడ కొంటాడు. లేదా చివరి పేజీలో గొడ్డలి ఎత్తుతాడు. కథ అక్కడ ఆగిపోతుంది. మేడ కొన్నాక అతను పాలేర్లకి ఎంత కూలి ఇస్తాడో, గొడ్డలి ఎత్తిన తెల్లవారి ఊళ్ళో ఎవరి బతుకు ఎలా మారిందో రచయిత అడగడు. మధ్యలో ప్రేమకథ ఉంటే, అది ఆ పగకు సాకుగానే మిగులుతుంది. ఆడమనిషి ఒక తాకట్టు వస్తువులాగా ఒక చేతినుంచి ఇంకో చేతికి పోతుంది. అవమానం నిజమైనదే, కోపం న్యాయమైనదే. వాటిని తగ్గించి రాయమనడం లేదు. హీత్‌క్లిఫ్ బాధను ఎమిలీ ఎక్కడా తగ్గించలేదు. కాని ఆ బాధ ఏ దారి పట్టిందో, ఎవరి ఇంటి మీదుగా పోయిందో చివరిదాకా వెంట నడిచి చూసింది. మన కథల్లో చాలావరకు లోపించింది ఆ నడకే.

అందుకే విద్యార్థి మిత్రులకు నా మనవి ఒకటే. ఈ నవల చదివేటప్పుడు కేథరిన్ చనిపోయిన చోట పుస్తకం మూయకండి. అప్పటికి సగమే అయింది. మిగతా సగం చదివాక, ఆ రోజు వెనక బెంచీ నుంచి వచ్చిన ప్రశ్నని మీరూ వేసుకోండి. ఆ ప్రశ్నని మన నవలలకూ, మన సినిమాలకూ, మనం రాస్తున్న కథలకూ వేసి చూడండి. జవాబు నాకంటె మెరుగ్గా దొరికితే, రాసి పంపండి.